సండే స్కూల్ టీచర్లకు, వాలంటీర్లకు పిల్లల రక్షణ శిక్షణ ఎలా ఇవ్వాలి

చర్చి సంఘంలో పిల్లలతో పనిచేసేవాళ్లందరికీ ఒక శిక్షణ పెడదాం అనగానే ఎక్కువగా వినిపించే మాట, "ఎందుకండీ, మన దగ్గర అందరూ మనవాళ్లే కదా" అని. ఆ మాట అనేవాళ్లకు చెడు ఉద్దేశమేమీ ఉండదు, నిజంగానే అలా నమ్ముతారు. కానీ 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ పిల్లలపై వేధింపుల గురించి బయటపెట్టిన అధ్యయనంలో 53.22 శాతం మంది పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు, వేధించినవాళ్లలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవాళ్లు, వాళ్లు నమ్మే స్థానంలో ఉన్నవాళ్లు. కాబట్టి ముక్కూమొహం తెలియనివాడు ఎవరో వస్తాడని గేటు దగ్గర కాపలా పెడితే సరిపోదు. పాటలు నేర్పే అన్న, ప్రార్థన చేసే అంకుల్, వ్యాన్‌లో ఇంటి దగ్గర దింపే బ్రదర్, వాక్యం చెప్పే పాస్టర్ గారు, అందరికీ ఒకేలా వర్తించే పద్ధతి ఉండాలి.

ఈ శిక్షణను ఒక శనివారం మూడు నాలుగు గంటల్లో చేసేయొచ్చు. ఉపన్యాసం మాత్రం గంట దాటనివ్వకండి, మిగతా టైమంతా వాళ్లతోనే చెప్పించాలి, చేయించాలి. విన్నది వారం తిరిగేసరికి మర్చిపోతారు. కానీ ఒక పాప వచ్చి పక్కన నిలబడి ఏదో చెప్పబోయినప్పుడు టీచర్ నోట్లోంచి వచ్చే మొదటి మాట ముందే అలవాటై ఉండాలి, అప్పటికప్పుడు ఆలోచించుకునే టైమ్ ఉండదు.

ఎవరెవరు రావాలి

పాస్టర్ గారితో సహా అందరూ రావాలి. ఆయన ప్రారంభ ప్రార్థన చేసి వెళ్లిపోతే ఈ రూల్స్ కిందివాళ్లకు మాత్రమేనని మిగతావాళ్లకు అర్థమైపోతుంది, ఇక ఆ తర్వాత మీరు ఎంత చెప్పినా లాభం లేదు. మొదటి వరసలో కూర్చుని చివరిదాకా ఉండాలి, రోల్ ప్లేలో ఆయన కూడా లేచి చేయాలి. పాస్టర్ గారి భార్య అమ్మగారు, సంఘ పెద్దలు, క్వైర్ నేర్పేవాళ్లు, సౌండ్ చూసే అబ్బాయి, డ్రైవర్, వాచ్‌మన్, వి.బి.ఎస్. (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ బడి) పది రోజులకు మాత్రమే వచ్చే వాలంటీర్లు, వీళ్లలో ఎవరినీ వదలొద్దు.

ఒక్కరికి మినహాయింపు ఇస్తే ప్రమాదం ఆ ఒక్కరి దగ్గరే మొదలవుతుంది. ఆయన చెడ్డవాడని కాదు. కానీ పిల్లల పక్కన ఒంటరిగా ఉన్నా ఎవరూ అడగని మనిషి ఒకరు ఉంటే, తప్పు చేయాలనుకునేవాడు ఆ స్థానం కోసమే ప్రయత్నిస్తాడు. చట్టం కూడా ఈ విషయాన్ని గుర్తించింది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం మతసంస్థలో నిర్వాహకులుగానో సిబ్బందిగానో ఉన్నవాళ్లు ఆ సంస్థలోని పిల్లల మీద చేసే లైంగిక నేరం మామూలు నేరం కింద రాదు, తీవ్రమైన నేరం కింద వస్తుంది, శిక్ష కూడా ఎక్కువ.

శిక్షణ కంటే ముందు జరగాల్సిన పని ఒకటుంది, మనుషుల ఎంపిక. కొత్తగా సంఘంలో చేరి రెండో వారమే "పిల్లల పరిచర్యలో సేవ చేస్తాను" అని ముందుకొచ్చేవాళ్లను కనీసం ఆరు నెలలైనా మామూలు సభ్యులుగా ఉండనివ్వండి. వాళ్లు ఇదివరకు వెళ్లిన సంఘానికి ఫోన్ చేసి నేరుగా అడగండి: "వీళ్లను మళ్లీ మీ పిల్లల దగ్గర పెట్టుకుంటారా?" ఆ ప్రశ్నకు అవతలివైపు తడబాటు వినిపిస్తే అక్కడితో ఆగండి. పిల్లలతో క్రమం తప్పకుండా పనిచేసే సంస్థలు సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్ చేయించాలని, పిల్లల రక్షణ విధానాన్ని పాటించాలని 2020 పోక్సో నియమాల్లో ఉంది. మాది చిన్న సంఘం కదా అని వదిలేయకండి. కాకపోతే వెరిఫికేషన్‌లో ఏమీ రాలేదంటే ఇంతవరకు కేసు లేదనే అర్థం, అంతకుమించి అదేమీ చెప్పదు. కాబట్టి ఆ కాగితం చేతికొచ్చిందని మిగతా జాగ్రత్తలు వదిలేయకూడదు.

ఇద్దరిని బాధ్యులుగా పెట్టండి, కనీసం ఒకరు స్త్రీ అయ్యుండాలి, ఇద్దరూ పాస్టర్ గారి బంధువులు కాకుండా చూసుకోండి. పిల్లల విషయంలో ఏ అనుమానం వచ్చినా వాలంటీర్లు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియాలి, ఆ ఇద్దరిలో ఒకరి మీదే ఫిర్యాదు అయితే రెండోవాళ్లు ఉండాలి. వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు గోడ మీద అతికించండి, పిల్లలకు అందే ఎత్తులో.

వేధింపు ఎలా మొదలవుతుందో చెప్పండి

కొట్టడం, అందరి ముందూ అవమానించడం, ఆకలితోనో జ్వరంతోనో ఉన్న పిల్లను పట్టించుకోకపోవడం, ఇవన్నీ వేధింపు కిందికే వస్తాయి. బైబిల్ వచనం అప్పజెప్పలేదని బెత్తం తీసే టీచర్ మీ సంఘంలో ఉంటే ఆ బెత్తం ఆ రోజే బయట పారేయించండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 75వ సెక్షన్ తమ సంరక్షణలో ఉన్న పిల్లల పట్ల క్రూరంగా ప్రవర్తించేవాళ్ల గురించే. ఈ భాగం పది నిమిషాలు చాలు.

ఎక్కువ సమయం గ్రూమింగ్‌కు, అంటే వేధించే ముందు పిల్లను, ఇంట్లోవాళ్లను మెల్లగా నమ్మించి లొంగదీసుకునే పద్ధతికి ఇవ్వండి. నేరం చేసేవాడు మొదటిరోజే పిల్ల మీద చేయి వేయడు. ముందు ఇంట్లోవాళ్లకు దగ్గరవుతాడు, ఫీజు కడతాడు, ఆస్పత్రికి తీసుకెళ్తాడు, "మా ఇంటి మనిషి" అనిపించుకుంటాడు. తర్వాత ఒక పిల్లను ఎంచుకుంటాడు. ఎక్కువగా ఇంట్లో గొడవలున్న పిల్ల, తండ్రి దూరంగా ఉన్న పిల్ల, ఎవరూ పెద్దగా పట్టించుకోని పిల్ల. ఆ పిల్లకే బహుమతులు, ఆ పిల్లకే పాటలో ముందు చోటు. ఆ తర్వాత చిన్న రహస్యం, "ఈ చాక్లెట్ సంగతి అమ్మకు చెప్పకు." అందరూ చూస్తుండగా గిలిగింతలు పెట్టడం, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, ఎవరైనా ఏమైనా అంటారేమో చూడటం. ఎవరూ ఏమీ అనకపోతే ఇంకో అడుగు. సంఘంలో దీనికి ఇంకో ఆయుధం తోడవుతుంది, దేవుడి పేరు. "నీకోసం ప్రత్యేకంగా ప్రార్థించమని దేవుడు నాకు చెప్పాడు" అని ఒక పెద్దమనిషి అంటే పదేళ్ల పిల్ల ఎలా కాదంటుంది? అందుకే ఎవరైనా ఒకే పిల్లతో ఏకాంతం కోరుకుంటున్నారా, రహస్యం పెట్టిస్తున్నారా, రూల్ నాకెందుకు అంటున్నారా అని కనిపెట్టుకుని ఉండమని చెప్పండి. ఈ మూడూ కనిపిస్తే నేరం రుజువైనట్టు కాదు, కానీ బాధ్యులకు చెప్పాల్సిన విషయమే.

రాసిపెట్టుకోవాల్సిన పద్ధతులు

ఏ పిల్లతోనూ ఏ పెద్దవాళ్లూ మూసిన తలుపు వెనక ఒంటరిగా ఉండకూడదు. మిగతా రూల్స్ అన్నీ ఇందులోంచి వచ్చేవే. ప్రతి క్లాసులో ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, వాళ్లు భార్యాభర్తలో అన్నదమ్ములో కాకపోతే మంచిది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు అందరూ చట్టం దృష్టిలో పిల్లలే, అందుకని క్లాసులో సాయానికి వచ్చే పదహారేళ్ల అమ్మాయిని రెండో పెద్దమనిషిగా లెక్కపెట్టడానికి లేదు, ఆమెను కూడా మీరే కాపాడాలి. ఇద్దరు దొరకని ఆదివారం రెండు క్లాసులు కలిపేయండి లేదా తలుపు బార్లా తీసి పెట్టి ఒక పెద్దమనిషిని వరండాలో తిరగమనండి.

ప్రార్థన కోసం పిల్లను గదిలోకి తీసుకెళ్లాల్సిన అవసరం ఏ సందర్భంలోనూ లేదు. హాల్లోనే ఓ మూలన, అందరికీ కనిపించేచోట, మాటలు వినపడనంత దూరంలో కూర్చుని మాట్లాడొచ్చు, ప్రార్థించొచ్చు. చేయి ఉంచాలంటే తల మీదో భుజం మీదో, అదీ "చేయి పెట్టనా?" అని అడిగి. వద్దంటే పెట్టకూడదు. ఇది పాస్టర్ గారికీ, బయటి నుంచి కూటాలకు వచ్చే దైవజనులకూ వర్తిస్తుంది, వాళ్లను పిలిచేటప్పుడే ఈ సంగతి చెప్పేయండి.

చిన్నపిల్లల్ని టాయిలెట్‌కు ఒక్కరే తీసుకెళ్లకూడదు, ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కలిపి ఇద్దరు టీచర్లు తీసుకెళ్లాలి, బయట తలుపు దగ్గరే ఉండాలి. బట్టలు విప్పి శుభ్రం చేయాల్సి వస్తే హాల్లో ఉన్న అమ్మను పిలిపించండి.

ఫోన్ సంగతి చాలామంది మర్చిపోతారు. పిల్లలతో వాట్సాప్‌లో విడిగా చాటింగ్ వద్దు, ఏ సమాచారమైనా తల్లిదండ్రులు ఉన్న గ్రూపులోనే పంపాలి. రాత్రిపూట "ప్రార్థన చేశావా?" అని పదమూడేళ్ల అమ్మాయికి విడిగా వెళ్లే మెసేజ్ ఎంత మంచి ఉద్దేశంతో పంపినా ఆపాల్సిందే. ఫొటోలు పెట్టేముందు తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, ఫొటో కింద పిల్ల పేరు, స్కూల్ పేరు వేయకండి. బండి మీద ఒక్క పిల్లను ఎక్కించుకుని దింపడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. యూత్ క్యాంపుల్లో పెద్దవాళ్ల పడక వేరుగా ఉండాలి, అబ్బాయిలకు, అమ్మాయిలకు గదులు వేరు, రాత్రి గస్తీకి ఎప్పుడూ ఇద్దరు.

ఈ రూల్స్ చదివి వినిపించి ఊరుకోకండి. అందరినీ లేపి చర్చి బిల్డింగ్ మొత్తం నడిపించండి, చేతిలో నోట్‌బుక్ పెట్టి. ఏ తలుపుకు లోపలి గడియ ఉంది? స్పీకర్ డబ్బాలు పెట్టే స్టోర్ రూమ్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది? మెట్ల కింద చీకటి మూల నుంచి హాలు కనిపిస్తుందా? పై అంతస్తులో ఉపవాస ప్రార్థన గదికి ఆదివారం పన్నెండు దాటాక ఎవరెళ్తున్నారు? ఆరాధన అయిపోయాక వచ్చే పదిహేను నిమిషాల గురించి ప్రత్యేకంగా మాట్లాడండి. పెద్దవాళ్లంతా బయట కబుర్లలో ఉంటారు, పిల్లలు బిల్డింగ్ అంతా పరుగులు పెడుతుంటారు, క్లాసు గదులన్నీ ఖాళీ, టీచర్లు ఇళ్లకు బయల్దేరే హడావిడిలో ఉంటారు. ఆ సమయంలో పిల్ల ఎవరి బాధ్యతలో ఉందని అడిగితే చాలా సంఘాల్లో జవాబు ఉండదు. పిల్లను అప్పగించేది ఎవరికో రిజిస్టర్‌లో ఉండాలి, వచ్చినవాళ్లు సంతకం పెట్టి తీసుకెళ్లాలి. మామయ్యనని చెప్పుకునే మనిషి వచ్చినా రిజిస్టర్‌లో పేరు లేకపోతే తల్లికి ఫోన్ చేసి అడగాలి. మొదటి రెండు వారాలు కొందరు చిన్నబుచ్చుకుంటారు. తర్వాత అలవాటైపోతుంది. గడియలు పీకించడం, తలుపుకు అద్దం బిగించడం లాంటివి ఆ వారంలోనే చేయించండి.

పిల్ల నోరు విప్పితే

శిక్షణలో ముఖ్యమైన భాగం ఇదే, కనీసం గంట కేటాయించండి. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి ఒకరిని పిల్లగా, ఒకరిని టీచర్‌గా చేయమనండి. పిల్ల అడుగుతుంది: "అక్కా, ఒకటి చెప్తా, ఎవ్వరికీ చెప్పవు కదా?"

ఎక్కువమంది వెంటనే "ఒట్టు, చెప్పను" అనేస్తారు. అక్కడే ఆపండి. నిలబెట్టుకోలేని మాట ఇస్తే ఆ పిల్ల ఇంకెప్పుడూ ఏ పెద్దమనిషినీ నమ్మదు. ఇలా అనమని చెప్పండి: "చెప్పమ్మా, వింటాను. నిన్నెవరైనా బాధపెడుతుంటే దాన్ని ఆపడానికి ఒకరిద్దరు పెద్దవాళ్లకు చెప్పాల్సి రావొచ్చు. అందరికీ మాత్రం చెప్పను." ఇలా చెప్తే పిల్ల వెనక్కి తగ్గుతుందేమో అని భయం ఉంటుంది. కొంతమంది ఆ క్షణానికి తగ్గుతారు కూడా. అయినా అబద్ధం మీద మొదలుపెట్టకూడదు.

ఆ తర్వాత ముఖం. "అయ్యో దేవా!" అని గుండె మీద చేయి వేసుకున్న మరుక్షణం పిల్ల మిగతాది మింగేస్తుంది, ఎందుకంటే తను మిమ్మల్ని బాధపెట్టాననుకుంటుంది. పేరు విని "ఆయనా? ఛ, ఆయన అలాంటివాడు కాదే" అన్నా అంతే. లోపల ఎంత వణుకు ఉన్నా గొంతు మామూలుగా ఉంచడం ప్రాక్టీస్ చేస్తే తప్ప రాదు. అందుకే రోల్ ప్లేలో సంఘమంతా గౌరవించే స్థానంలో ఉన్న మనిషి గురించి పిల్ల చెప్పినట్టు పెట్టండి. నిజమైన పేర్లు మాత్రం వద్దు.

ప్రశ్నలు తక్కువ అడగాలి. "అక్కడ ముట్టుకున్నాడా?" అని జవాబు మీరే అందిస్తే రేపు కోర్టులో ఆ పిల్ల మాటకు విలువ తగ్గుతుంది. "నువ్వెందుకెళ్లావు అక్కడికి?" అంటే తప్పు తనదే అన్నట్టు వినబడుతుంది. "తర్వాత ఏమైంది?", "ఇంకేమైనా చెప్పాలనుందా?" చాలు. కథ మొత్తం రాబట్టడం మీ పని కాదు, అనుమానించడానికి కారణం ఉందని తెలిస్తే మీ వంతు విచారణ అయిపోయినట్టే. దెబ్బ చూపించమని బట్టలు తీయించకండి, ఫోన్‌లో రికార్డ్ చేయకండి, ఇంకో టీచర్‌ను పిలిచి "మళ్లీ చెప్పమ్మా" అనకండి. అప్పుడే అక్కడే క్షమాపణ గురించి మాట్లాడకండి. క్షమించడం ఆ పిల్ల ఇష్టం, ఆ పిల్ల వీలు, బహుశా ఎన్నో ఏళ్ల తర్వాతి మాట.

చివరగా మూడు వాక్యాలు. "నాకు చెప్పి మంచి పని చేశావు. ఇందులో నీ తప్పు ఏమీ లేదు. ఇప్పుడు నేను ఏం చేస్తానో నీకు చెప్తాను." గదిలో ఉన్న ప్రతి ఒక్కరితో ఈ మూడూ పైకి అనిపించండి, సిగ్గుపడినా వదలొద్దు.

పిల్ల వెళ్లిన గంటలోపే రాసిపెట్టుకోవాలి: తేదీ, టైమ్, ఎక్కడ, మీరేం అడిగారు, పిల్ల ఏమంది. పిల్ల వాడిన మాటలే రాయాలి. "ఉచ్చ పోసుకునేచోట నొక్కాడు" అని చెప్తే అదే రాయండి, దాన్ని "అసభ్యంగా ప్రవర్తించాడు" అని మర్యాదగా మార్చేస్తే అసలు విషయమే పోతుంది. కింద సంతకం.

ఎవరికి చెప్పాలి

చాలా సంఘాల్లో విషయం తెలిసిన వెంటనే పెద్దలు కూర్చుని మాట్లాడుకుంటారు, ఆ మనిషిని పిలిచి అడుగుతారు, ఆయన ఏడ్చి ఒప్పుకుంటాడు లేదా బైబిల్ మీద ప్రమాణం చేసి కాదంటాడు, పిల్ల కుటుంబాన్ని పరువు కోసం ఊరుకోమంటారు. ఇందులో ప్రతి అడుగూ తప్పే. పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనిపించినా పోలీసులకు చెప్పాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటోంది, ఆ బాధ్యత ఎవరికైనా ఉంటుంది, పాస్టర్లకో ఫాదర్లకో మినహాయింపు అందులో రాయలేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ, తన కింద పనిచేసేవాళ్ల నేరాన్ని దాచిన సంస్థ పెద్దకైతే ఏడాది వరకు జైలు, జరిమానా. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద మాత్రం ఆ కారణంగా సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ పెట్టడానికి వీల్లేదని అదే 19వ సెక్షన్‌లో ఉంది. ఈ చివరి ముక్కను గట్టిగా చెప్పండి, నోరు మూయించేది ఈ భయమే.

వెంటనే ప్రమాదం ఉంటే 112. మిగతా సందర్భాల్లో 1098, పిల్లల హెల్ప్‌లైన్, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, ఏం చేయాలో తోచనప్పుడు కూడా చేయొచ్చు. సంఘంలోని బాధ్యులకు చెప్పండి, కానీ వాళ్లు "చూద్దాం" అన్నారని మీరు ఆగిపోకూడదు, కబురు విన్న మనిషిగా చట్టం మిమ్మల్ని కూడా అడుగుతుంది. ఆరోపణ ఉన్న మనిషికి ముందుగా చెప్పొద్దు, చెప్తే ఫోన్‌లో ఉన్నవి మాయమవుతాయి, పిల్ల మీద ఒత్తిడి మొదలవుతుంది. నేరం ఇంట్లోనే జరుగుతోందని అనుమానం ఉంటే తల్లిదండ్రులకు చెప్పేముందు 1098 వాళ్లను అడగండి. పోలీస్ స్టేషన్‌కు తిప్పుతారేమో అని భయపడే కుటుంబానికి 24వ సెక్షన్ గురించి చెప్పండి: పిల్ల ఇంట్లోనో, తనకు ఇష్టమైన చోటో వాంగ్మూలం తీసుకోవాలి, వీలైనంత వరకు ఎస్.ఐ. స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫామ్‌లో రాకూడదు, రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు.

ఎవరో ఒకరు లేచి మత్తయి 18వ అధ్యాయం ఎత్తుతారు, సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడమని 15వ వచనంలో ఉంది కదా అని. శిక్షణ ఇచ్చేవాళ్లు దీనికి సిద్ధంగా ఉండాలి. అది సాటి మనుషుల మధ్య తప్పుల గురించి, పిల్లను నేరం చేసిన మనిషి ముందు ఒంటరిగా నిలబెట్టమని కాదు. అదే అధ్యాయం ఆరో వచనంలో చిన్నవాళ్లను అభ్యంతరపరిచేవాడికి, అంటే తప్పులో పడేసేవాడికి, మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచేయడమే మేలని ఉంది, రెండూ కలిపి చదివించండి.

ఆ తర్వాత

ఫిర్యాదు వచ్చిన రోజు నుంచే ఆ మనిషిని పిల్లల పని నుంచి పూర్తిగా తప్పించాలి, తీర్పు వచ్చేదాకా ఆగకూడదు. వేరే సంఘానికి పంపేసి చేతులు దులుపుకోవడం అంటే అక్కడి పిల్లలను అప్పగించడమే. పిల్ల పేరు, ఇంటి పేరు ఎక్కడా బయటకు రాకూడదు, ప్రార్థన విన్నపాల గ్రూపులో కూడా, "ఒక కుటుంబం కోసం ప్రార్థించండి" అని రెండు గుర్తులు ఇస్తే చాలు ఎవరో అందరికీ తెలిసిపోతుంది. సంఘం రెండు వర్గాలైతే ఎక్కువమంది ఆ పెద్దమనిషి వైపు ఉంటారు, పిల్ల కుటుంబం మెల్లగా రావడం మానేస్తుంది. అందుకే వాళ్లింటికి వెళ్లి కూర్చునే ఇద్దరిని ముందే నియమించుకోండి. వాళ్లు కౌన్సెలర్ దగ్గరికి తోడు వెళ్లాలి, కోర్టు తేదీకి తోడు వెళ్లాలి, కేసు గురించి అడక్కూడదు.

శిక్షణ అయిన నెలలోపే తల్లిదండ్రులకు ఒక గంట మీటింగ్ పెట్టి ఇవే రూల్స్ చెప్పండి, రూల్ ఎవరైనా మీరితే ముందు పసిగట్టేది వాళ్లే. పిల్లలకు కూడా వాళ్ల భాషలో చెప్పాలి: నీ ఒంటి మీద హక్కు నీది, పాస్టర్ గారికైనా వద్దు అని చెప్పొచ్చు, అమ్మకు చెప్పొద్దన్న రహస్యం ఏదైనా అమ్మకు చెప్పాల్సిందే. శరీర భాగాలకు పేర్లు సిగ్గుపడకుండా నేర్పించమని తల్లులకు చెప్పండి.

ఏడాదికోసారి మళ్లీ శిక్షణ పెట్టండి, వి.బి.ఎస్. మొదలయ్యే ముందైతే కొత్తవాళ్లు కూడా కలుస్తారు. ఎవరు వచ్చారో రిజిస్టర్‌లో సంతకాలు తీసుకోండి. సంతకం లేనివాళ్లను, వాళ్లు ఎంత బాగా పాడినా, ఎంత బాగా కథ చెప్పినా, ఆ ఏడాది పిల్లల క్లాసుకు పంపకండి.